బోర్డు కంపెనీది... బాధ్యత ఎవరిది?

ఫ్రాంచైజీ ఒప్పందాల్లో మూడో వ్యక్తికి ఉన్న హక్కులపై ఓ పరిశీలన

నరసరావుపేట: పట్టణంలో పల్నాడు రోడ్డు వెంట నడిస్తే హైదరాబాద్, ముంబయి, ఢిల్లీ సంస్థల పేర్లు వరుసగా దర్శనమిస్తాయి. శిక్షణ కేంద్రం, ప్లేస్కూలు, కొరియర్ కార్యాలయం, కళ్లజోళ్ల దుకాణం, ద్విచక్ర వాహనాల షోరూం... బోర్డుపై పేరు ఒకరిది, లోపల కౌంటరు వద్ద కూర్చున్న యజమాని మరొకరు. పిడుగురాళ్ల, మాచర్ల, గురజాలలోనూ ఇదే వరస. వినియోగదారుడు బోర్డుపై పేరు చూసి సొమ్ము చెల్లిస్తాడు. రశీదు మాత్రం స్థానిక యజమాని పేరిట వస్తుంది. వ్యవహారం సజావుగా సాగినంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. ఫీజు మొత్తం కట్టాక కేంద్రం మధ్యలో మూతపడినప్పుడో, కొన్న వస్తువు నెల తిరక్కముందే మొరాయించినప్పుడో పెద్ద సంస్థకు ఫోన్ చేస్తే, 'అది మా సొంత శాఖ కాదు, ఫ్రాంచైజీ. వారితోనే తేల్చుకోండి' అన్న సమాధానం ఎదురవుతుంది.

ఈ సమాధానంలో సగం చట్టం ఉంది. మిగతా సగం వినియోగదారుడికి ఎవరూ చెప్పరు.

ఫ్రాంచైజీ అంటే పేరు అద్దెకు ఇవ్వడం వంటిది. పేరున్న సంస్థ తన వ్యాపార చిహ్నాన్ని, నిర్వహణ పద్ధతిని వాడుకునేందుకు స్థానిక వ్యాపారికి అనుమతి ఇస్తుంది. బదులుగా ప్రవేశ రుసుము, ఆపై ఆదాయంలో వాటా తీసుకుంటుంది. మన దేశంలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టమేదీ లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే ప్రధాన ఆధారం. ఆ చట్టాన్ని అనుసరించి న్యాయస్థానాలు స్థిరపరచిన సూత్రం ప్రకారం ఒప్పందాన్ని అమలు చేయమని కోరే హక్కు దానిపై సంతకం చేసిన పక్షాలకే ఉంటుంది. ఆ ఒప్పందం వల్ల మేలు పొందవలసిన వ్యక్తి అయినా సరే, అందులో పక్షం కానంత వరకు బయటివాడే. ఫ్రాంచైజీ ఒప్పందంలో 'విద్యార్థులకు అర్హులైన అధ్యాపకులచే బోధన జరిపించాలి', 'కేంద్రం మూసివేస్తే ఫీజు వాపసు చేయాలి' వంటి షరతులు ఎన్ని ఉన్నా, అవి సంస్థకు, ఫ్రాంచైజీదారుకు మధ్య నడిచే మాటలు. ఆ కాగితాన్ని విద్యార్థి తండ్రి చూసి ఉండడు. చూసినా దాని ఆధారంగా నేరుగా దావా వేయడం కష్టం.

చిన్నయ్య, రామయ్య కేసు

న్యాయవిద్యార్థులందరికీ పరిచయమైన ఓ పాత తెలుగు కుటుంబ వివాదం ఇక్కడ ప్రస్తావించదగినది. 1880ల తొలినాళ్లలో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన ఈ కేసును 'చిన్నయ్య వర్సెస్ రామయ్య'గా పిలుస్తారు. ఓ వృద్ధురాలు తన భూమిని కుమార్తెకు దానపత్రం ద్వారా రాసిచ్చారు. తన తోబుట్టువులకు ఏటా 653 రూపాయలు చెల్లించాలన్నది అందులోని షరతు. కుమార్తె అదే రోజున ఆ మేరకు వారికి విడిగా హామీపత్రం రాసిచ్చారు. తరువాత చెల్లింపు నిలిచిపోయింది. వ్యవహారం కోర్టుకు వెళ్లినప్పుడు, 'భూమి ఇచ్చింది మా అమ్మ, వారి నుంచి నాకు ముట్టింది ఏమీ లేదు' అన్నది ప్రతివాది వాదన. ప్రతిఫలం హామీ పొందిన వ్యక్తి నుంచే రానక్కర్లేదు, మరొకరి నుంచి వచ్చినా చాలునని కాంట్రాక్టు చట్టం రెండో సెక్షన్ చెబుతోందంటూ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

ఈ తీర్పును ఉదహరించి మన దేశంలో మూడో వ్యక్తికి ఎల్లవేళలా దావా హక్కు ఉన్నదని భావించేవారు ఉన్నారు. అది సరికాదు. అక్కడ వాదిని గెలిపించింది తల్లీకూతుళ్ల మధ్య నడిచిన దానపత్రం ఒక్కటే కాదు. కూతురు నేరుగా రాసిచ్చిన హామీపత్రం వారి చేతిలో ఉంది. ఇతరులు పరస్పరం చేసుకున్న ఒప్పందం వేరు, మనకు నేరుగా ఇచ్చిన మాట వేరు. నేటి ఫ్రాంచైజీ వివాదాలన్నీ దాదాపు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఇంగ్లండులో 1861లోనే ఇటువంటి వివాదం ఒకటి వచ్చింది. వరుడికి కొంత సొమ్ము ఇస్తామని వధూవరుల తండ్రులు తమలో తాము ఒప్పందం రాసుకున్నారు. ఆ సొమ్ము కోసం వరుడే దావా వేస్తే, ఒప్పందంలో పక్షం కాదంటూ కోర్టు కొట్టివేసింది. మన దేశంలో 1910లో దాదాపు ఇదే రీతి వివాదం ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. తండ్రులు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం నెలకు 500 రూపాయలు రావలసిన ముస్లిం వధువు హుసేనీ బేగం అక్కడ గెలిచారు. ఆ చెల్లింపునకు స్థిరాస్తిని బాధ్యతగా చూపడం, తల్లిదండ్రులు పిల్లల పెళ్లి ఒప్పందాలు చేయడం ఇక్కడ ఆచారం కావడం ఆమెకు కలిసివచ్చాయి. అప్పటి నుంచి ట్రస్టు, ఆస్తిపై బాధ్యత, కుటుంబ ఏర్పాటు వంటి కొన్ని మినహాయింపులు స్థిరపడ్డాయి. 1969లో చాకో కేసులో సుప్రీంకోర్టు సైతం ఈ సూత్రాన్ని, మినహాయింపులను కలిపి ధ్రువీకరించింది. ఒప్పందం వల్ల లబ్ధి పొందవలసిన మూడో వ్యక్తికి నేరుగా హక్కు కల్పిస్తూ కొత్త సెక్షన్ చేర్చాలని లా కమిషన్ 1958లోనే తన 13వ నివేదికలో సిఫార్సు చేసింది. అది నేటికీ కార్యరూపం దాల్చలేదు. ఇంగ్లండు మాత్రం 1999లో ఇందుకోసం ప్రత్యేక చట్టమే తెచ్చుకుంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. 'ఈ ఒప్పందం వల్ల మూడో వ్యక్తికి ఎట్టి హక్కులూ సంక్రమించవు' అన్న వాక్యం మన ఫ్రాంచైజీ ఒప్పందాల్లోనూ తరచుగా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఆ చట్టం ఉంది గనుక దాన్ని తప్పించుకునేందుకు ఆ వాక్యం అవసరం. మన దగ్గర అటువంటి చట్టమే లేకపోయినా, నమూనా పత్రాలతో పాటు వాక్యమూ వలస వచ్చింది.

గ్యాస్ సిలిండరు నేర్పిన పాఠం

పేరు పెద్ద సంస్థది, వ్యవహారం స్థానిక వ్యాపారిది అయినప్పుడు ఏం జరుగుతుందో తెలిపే ముఖ్యమైన తీర్పు వంటగ్యాస్ విషయంలో వచ్చింది. గ్యాస్ ఏజెన్సీ కూడా ఫ్రాంచైజీకి దగ్గరి బంధువే. కేరళలో జరిగిన ఓ గ్యాస్ ప్రమాదంపై పరిహారం కేసులో డిస్ట్రిబ్యూటరుతో పాటు ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్‌ను కూడా బాధ్యులను చేయగా, 1990ల తొలినాళ్లలో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌కు మినహాయింపు ఇచ్చింది. కార్పొరేషన్, డిస్ట్రిబ్యూటరు ఇద్దరు స్వతంత్ర వ్యాపారుల వలె ఒప్పందం చేసుకున్నారని, వినియోగదారుడికీ కార్పొరేషన్‌కూ మధ్య ఒప్పంద సంబంధం లేదని పేర్కొంది. ఇంటింటా ఎర్ర సిలిండరుపై కంపెనీ పేరు చూసే గృహిణికి ఈ మాట మింగుడుపడకపోవచ్చు. చట్టం మాత్రం అప్పటికి అలా ఉంది.

2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులోనూ ఇదే ధోరణి వ్యక్తమైంది. గోవాలో కొత్త కారుకు సొమ్ము కట్టిన వ్యక్తికి డీలరు 2009 నాటి పాత మోడల్ అంటగట్టబోయాడు. డీలరు చేసిన ఈ పని తయారీ సంస్థకు తెలుసని ప్రత్యేకంగా ఆరోపించి నిరూపిస్తే తప్ప సంస్థను బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వస్తువులోనే లోపం ఉంటే పరిస్థితి వేరు. అమ్మకంలో జరిగిన మోసం డీలరు ఖాతాలోకే వెళుతుంది. ఫిర్యాదు రాసేటప్పుడు 'ఇద్దరూ మోసగించారు' అని ఒక్క వాక్యంలో సరిపెట్టే అలవాటున్నవారు ఈ తీర్పును దృష్టిలో ఉంచుకోవాలి. కంపెనీకి ఏ తేదీన, ఏ రూపంలో విషయం తెలిపారో, అది ఏమని బదులిచ్చిందో విడిగా రాయవలసి ఉంటుంది.

గ్యాస్ విషయంలో మరో కోణం ఉంది. అది చాలామందికి తెలియదు. చమురు సంస్థలు ప్రమాదాల కోసం బీమా సంస్థలతో ఒప్పందం చేసుకుంటాయి. ప్రీమియం కట్టేది చమురు సంస్థ, పాలసీ ఉండేది దాని పేరిట. ప్రయోజనం మాత్రం ప్రమాదానికి గురైన కుటుంబానిది. సిలిండరు ప్రమాదంలో మరణం సంభవిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, గాయపడితే వైద్య ఖర్చుల కింద ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు పరిహారం ఈ పాలసీల్లో ఉన్నట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఇందుకు వినియోగదారుడు ప్రత్యేకంగా ఏమీ కట్టనక్కర్లేదు. ప్రమాదం జరిగిన వెంటనే డిస్ట్రిబ్యూటరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. డిస్ట్రిబ్యూటరు సంస్థకు, సంస్థ బీమా కంపెనీకి తెలియజేస్తాయి. తాను పక్షం కాని ఒప్పందం ద్వారా సామాన్యుడు లబ్ధి పొందే సందర్భం ఇది. కాకపోతే అడిగేవారు తక్కువ.

విద్యుత్తు చట్టం మరింత సూటిగా ఉంది. 2003 నాటి చట్టంలో 'ఫ్రాంచైజీ'కి నిర్వచనం ఉంది. పంపిణీ సంస్థ ఓ ప్రాంతంలో సరఫరాను మరొకరికి అప్పగించినా, ఆ ప్రాంతంలో పంపిణీకి బాధ్యత లైసెన్సు పొందిన సంస్థదేనని పద్నాలుగో సెక్షన్ తేల్చిచెప్పింది. మహారాష్ట్రలోని భివండీలో 2007 నుంచి ప్రైవేటు ఫ్రాంచైజీ సరఫరా చేస్తున్నా లైసెన్సు ప్రభుత్వ రంగ సంస్థదే. శాసనకర్తలు తలచుకుంటే ఈ చిక్కును ఒక్క వాక్యంతో విప్పగలరనడానికి ఇది నిదర్శనం. శిక్షణ కేంద్రాలకు, ప్లేస్కూళ్లకు ఆ ఒక్క వాక్యం ఇంకా కరవు.

పత్తి ప్యాకెట్టుపై లేని సంతకం

పల్నాటి రైతుకు ఈ విషయం కొత్తదేమీ కాదు. బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి లభించింది. మహికో మోన్‌శాంటో బయోటెక్ సంస్థ తన సాంకేతికతను వాడుకునేందుకు విత్తన కంపెనీలకు ఉప లైసెన్సులు ఇచ్చింది. ఒప్పందాలపై సంతకాలు ఆ కంపెనీలవి. ప్యాకెట్టు ధరలో కలిసిన రాయల్టీ భారం మాత్రం రైతుపై పడింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలను మించిపోయింది. లైసెన్సు ఒప్పందంలోని రుసుము అన్యాయమని ప్రశ్నించేందుకు మాచర్ల రైతుకు కాంట్రాక్టు చట్టం కింద దారి లేదు. అతడు అందులో మూడో వ్యక్తి కూడా కాదు, వరుసలో నాలుగోవాడు.

2006లో రాష్ట్ర ప్రభుత్వమే గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. రుసుము తగ్గించాలని కమిషన్ ఆ ఏడాది మే నెలలో ఆదేశించింది. రాష్ట్రంలో ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగివచ్చింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల సరఫరా, ధరల నియంత్రణకు ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకుంది. 2015లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. ఒప్పందం తలుపు మూసుకుపోయిన చోట ప్రజాచట్టం కిటికీ తెరిచిందన్నమాట. అయితే ఆ కిటికీ తెరిచింది రైతు కాదు, ప్రభుత్వం. ప్రభుత్వం కదలకపోయి ఉంటే ఏమయ్యేదన్నది ఆలోచించవలసిన విషయం.

రైతు స్వయంగా గెలిచిన సందర్భమూ ఉంది. నాసిరకం విత్తనాల వల్ల నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలను ఆశ్రయించగా, జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. విత్తనాల చట్టం ఉండగా ఫోరాలకు అధికారం లేదని, ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉందని వాదించింది. 2012 జనవరిలో మధుసూదన్‌రెడ్డి కేసుగా ప్రసిద్ధి పొందిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనలను తిరస్కరించింది. రైతు కూడా వినియోగదారుడేనని ప్రకటించింది. పరీక్ష కోసం కొంత విత్తనం దాచి ఉంచాలని రైతు నుంచి ఆశించడం సమంజసం కాదని కూడా పేర్కొంది. నారు పోసే రోజున గుప్పెడు విత్తనం పక్కన పెట్టే రైతు ఉంటాడా?

తండ్రి కట్టిన ఫీజు, కూతురి హక్కు

కాంట్రాక్టు చట్టం ఇవ్వని హక్కును వినియోగదారుల రక్షణ చట్టం కొంత మేరకు ఇస్తోంది. 2020 జులై నుంచి అమలులో ఉన్న 2019 చట్టం ప్రకారం సొమ్ము చెల్లించిన వ్యక్తి మాత్రమే వినియోగదారుడు కాదు. అతని అనుమతితో ఆ సేవ పొందే లబ్ధిదారు, ఆ వస్తువు వాడే వ్యక్తి కూడా వినియోగదారులే. 1986 నాటి పాత చట్టంలోనూ ఈ నిర్వచనం ఉండేది. దాని ఆధారంగానే 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో ఫీజు కట్టిన తల్లిదండ్రులు, చికిత్స పొందిన శిశువు ఇరువురూ వినియోగదారులేనని సుప్రీంకోర్టు తేల్చింది. గురజాలకు చెందిన రైతు తన కూతురిని నరసరావుపేటలోని శిక్షణ కేంద్రంలో చేర్పించాడనుకుందాం. ఫీజు తండ్రిది, సేవ కూతురిది. ఫిర్యాదు చేసే హక్కు ఇద్దరికీ ఉంటుంది.

విద్యారంగంలో ఒక మెలిక ఉంది. విద్యాసంస్థలు అందించే విద్య వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదని జాతీయ కమిషన్ 2020 జనవరిలో మను సోలంకి కేసులో అభిప్రాయపడింది. అదే తీర్పులో శిక్షణ కేంద్రాలను మాత్రం విద్యాసంస్థలతో సమానంగా చూడలేమంటూ చట్టం పరిధిలోనే ఉంచింది. అంటే ఒకే పేరుతో నడిచే పాఠశాల ఫ్రాంచైజీపైనా, కోచింగ్ ఫ్రాంచైజీపైనా ఫిర్యాదుకు ఒకే దారి ఉండకపోవచ్చు. కోచింగ్ ప్రకటనల్లో ర్యాంకుల గారడీని అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. ప్రధాన సంస్థ ఇచ్చిన ప్రకటన చూసి స్థానిక కేంద్రంలో చేరినవారికి ఆ ప్రకటన ప్రతి విలువైన ఆధారం. పైన చెప్పుకున్న చిన్నయ్య కేసులోని హామీపత్రం స్థానంలో నేడు కంపెనీ కరపత్రం, వారంటీ కార్డు, వెబ్‌సైటులోని శాఖల జాబితా, చేరిన రోజున ప్రధాన కార్యాలయం పంపిన స్వాగత సందేశం నిలుస్తాయి. అవి ఫ్రాంచైజీదారు మాటలు కావు, కంపెనీ నేరుగా వినియోగదారుడికి ఇచ్చిన మాటలు.

వస్తువుల విషయంలో కొత్త చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఉత్పత్తి బాధ్యత పేరిట ప్రత్యేక అధ్యాయం చేర్చింది. ఇతరులు తయారుచేసిన వస్తువుపై తన ముద్ర వేయించిన సంస్థను కూడా తయారీదారుగానే పరిగణిస్తుంది. లోపభూయిష్టమైన వస్తువు వల్ల హాని జరిగితే, 'నీతో నాకు ఒప్పందం లేదు' అన్న మాట అక్కడ చెల్లదు.

ఒప్పందానికి బయటివాడు కావడంలో ఒక మేలు కూడా ఉంది. ఫ్రాంచైజీ ఒప్పందాల్లో వివాదాలు ఢిల్లీలోనో ముంబయిలోనో మధ్యవర్తి ముందు తేల్చుకోవాలన్న షరతు సర్వసాధారణం. అది సంతకం చేసినవారికే వర్తిస్తుంది. వినియోగదారుడు తాను నివసించే చోట, లేదా పనిచేసే చోట పరిధి ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు.

ఈ వెసులుబాటు ఫ్రాంచైజీదారుకు అంత తేలికగా దక్కదు. సొంత ఊళ్లో పొలం అమ్మి పేరున్న సంస్థ ఫ్రాంచైజీ తీసుకున్న యువకుడు, ప్రాంతీయ మాస్టర్ ఫ్రాంచైజీ ద్వారా ఒప్పందం చేసుకుని ఉంటే, ఆ మాస్టర్ ఒప్పందం రద్దయిన రోజున ప్రధాన సంస్థకు తానూ మూడో వ్యక్తే అవుతాడు. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవారిని చట్టం వినియోగదారులుగా గుర్తించదు. కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే అన్న మినహాయింపు ఉన్నా, దాన్ని నిరూపించుకోవలసిన భారం అతనిదే. కనుక మాస్టర్ ఒప్పందం ముగిస్తే తమ కేంద్రాన్ని ప్రధాన సంస్థ నేరుగా కొనసాగిస్తుందని ఆ సంస్థ సంతకంతోనే ఓ లేఖ రాయించుకోవడం సంతకానికి ముందు జరగవలసిన పని. దుకాణం గది అద్దెకు ఇచ్చిన యజమాని, జీతం రావలసిన సిబ్బంది పరిస్థితీ ఇంచుమించు ఇంతే. వారి ఒప్పందం ఫ్రాంచైజీదారుతోనే.

ఫిర్యాదు చేయదలచినవారు స్థానిక కేంద్రాన్ని, ప్రధాన సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మేలు. ముందుగా ఇద్దరికీ విడివిడిగా తపాలాలో నోటీసు పంపి రశీదులు భద్రపరచుకోవాలి. ప్రధాన సంస్థ చిరునామా తెలియకపోతే రశీదుపై ఉన్న జీఎస్టీ సంఖ్య ఎవరి పేరిట నమోదైందో ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. బోర్డుపై పేరు, ఆ సంఖ్య గల వ్యక్తి వేరువేరైతే అక్కడే విషయం బోధపడుతుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ముందుగా రాజీకి ప్రయత్నించవచ్చు. అయితే రాజీ చర్చలు సాగుతున్నాయని ఆగిపోకూడదు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. 'మా ప్రధాన కార్యాలయానికి రాశాం, వచ్చే నెల తేలుస్తాం' అన్న మౌఖిక మాటతో ఆ గడువు ఆగదు.